దిక్కులేని బిడ్డకు దిక్కెవరు?

(చిత్తూరునందలి ఒక పఠనమందిర వార్షికోత్సవమున చేసిన ప్రసంగపాఠము)



పుస్తకముల నడుమ మాటలాడు భాగ్యమును కలిగించినందులకు ఈ మందిర కార్యనిర్వాహకులకు కృతజ్ఞుడను. సారస్వతమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో నేను ప్రసంగింతునని మీలో పలువురు తలచియుందురు. చరిత్రనే చెప్పెదను. అయితే అది రాజులది గాని రాజ్యములది గాని కాదు. మూట నెత్తిన బెట్టుకొని, బిడ్డను చంకనిడుకొని, పుట్టిన యూరికి వెనుదిరిగి చూచుచు వెడలిపోయినవారి చరిత్ర. అట్టివారిలో మన పూర్వులును గలరు గనుక ఇది మన యింటి చరిత్రయే.

1876వ సంవత్సరమున వానలు తప్పినవి. ధాతు నామ సంవత్సరమున వచ్చినది గనుక మన పెద్దలు దానిని ధాతు కఱవనిరి. అప్పటికి చిత్తూరు ప్రత్యేకమైన జిల్లా గాక ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. మన జిల్లా యేర్పడినది 1911 ఏప్రిలు 1వ తేదీన. 1878 వఱకు సాగిన ఆ కఱవున మృతి చెందినవారు ఏబది లక్షలకు తక్కువ కారని చరిత్రకారుల యంచనా. ఆ కాలమున సర్ రిచర్డు టెంపుల్ అను దొర కఱవుపనులలో కూలిని తగ్గింపించెను. నీడలేక, విశ్రాంతిలేక పగలంతయు మన్ను మోసిన పురుషునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. స్త్రీలకును, పనిచేయు బాలబాలికలకును అంతకన్న తక్కువ. ఆ కూలితో మనిషి బ్రదుకజాలడని చెన్నపురి రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. ఆయనయు ఆంగ్లేయుడే. న్యాయబుద్ధి యొక జాతి సొత్తు కాదని చెప్పుటకే ఆ పేరు స్మరించితిని.

కఱవు వచ్చినపుడు జనము నిలిచిన చోట నిలువరు. మన పల్లెలనుండి కొందఱు చెన్నపట్టణపు రేవు చేరిరి. అక్కడ ఓడ యెక్కి సముద్రములు దాటిరి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరినవారిని దక్షిణాఫ్రికాయందలి డర్బను రేవున దింపెను. నాటినుండి 1911 వఱకు నేటాలు దేశమునకు చెఱకుతోటల కూలికై పోయిన భారతీయులు 1,52,000 పైచిలుకు. వారిలో అధికభాగము చెన్నపట్టణపు రేవున ఓడ యెక్కినవారే. ఉత్తరార్కాటు, చిత్తూరు, విశాఖపట్టణపు ప్రాంతములవారు ఆ పట్టికలలో విస్తారముగా గలరు. నేడు డర్బనులో తెలుగు పండుగలు చేసికొనుచున్నవారు వారి మునిమనుమలు. 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొని తమ భాషను నిలుపుకొనుటకు యత్నించిరి.

ఆ దేశమున మనవారిపై విధింపబడిన మూడు పౌనుల పన్నును మీరు విద్యాలయములలో చదివియుందురు. ఒడంబడిక గడువు తీరిన పిమ్మట స్వేచ్ఛగా నుండగోరిన ప్రతి కూలివాడును ఏటేట మూడు పౌనులు చెల్లింపవలెనని 1895లో చట్టము చేసిరి. 1903లో మఱియొక చట్టము చేసి ఆ పన్నును పిల్లలపైన గూడ వేసిరి. పదునాఱేండ్లు నిండిన బాలుడును, పదమూడేండ్లు నిండిన బాలికయు మూడేసి పౌనులు ఇచ్చుకొనవలెను. నెలకు పదునాలుగు షిల్లింగులు సంపాదించుటయే కష్టమైన కుటుంబమునకు ఆ మాట యెట్లుండునో ఆలోచింపుడు. పదమూడేండ్ల ఆడుబిడ్డ, తాను పుట్టిన నేలపై నడచుటకు తానే సుంకము కట్టవలసివచ్చినది! గోఖలే మహాశయుడు ఆగ్రహించెను. 1913లో గాంధీమహాత్ముని నాయకత్వమున వేలకొలది కూలీలు పని మాని నడచిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. ఆ దినములలో తెలుగుదేశమున పత్రిక చదువ నేర్చినవాడెల్ల ఆ బిడ్డలకొఱకు కోపించెను. దేశాభిమానమనగా నేమో మనము నేర్చుకొన్న పాఠములలో అది యొకటి.

తరువాతి కథ బర్మాది. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. అచ్చటి రేవులలో, మిల్లులలో పనిచేయు తెలుగువారు అసంఖ్యాకులు. ఓడలలో చోటు దొరకనివారు ఆరకాను త్రోవనో, మణిపురపు కొండత్రోవనో నడచివచ్చిరి. నడచినవారు లక్షలు, త్రోవలో రాలినవారు పదులవేలు. తల్లి పడిపోయినచోట బిడ్డ నిలువలేదు. ముందునకు నడచు గుంపులో ఎవరో ఒకరు చేయి పట్టుకొన్న బిడ్డ బ్రదికెను, ఎవరును పట్టుకొనని బిడ్డ బ్రదుకలేదు. 1942 ఏప్రిలులో శత్రుభయమువలన చెన్నపట్టణమే సగము ఖాళీయయ్యెను. అపుడు బంధువులున్నవారు లోపలి జిల్లాలలోని బంధువుల యిండ్లు చేరిరి. వారిని మనము కాందిశీకులనలేదు, చుట్టములంటిమి. రెండు గుంపులును భయముచేతనే పరుగెత్తినవి. ఒకదానికి తలుపు తెరచు చేయి యుండెను, రెండవదానికి లేకుండెను. భేదమంతియే.

ఇంకను దగ్గఱగా చూతము. 1964 అక్టోబరు 30న శాస్త్రిగారును సిరిమావో బండారనాయకగారును చేసికొన్న ఒప్పందముచేత సింహళపు తేయాకుతోటల కూలీలలో 5,25,000 మందిని భారతదేశము స్వీకరింప నంగీకరించినది. తాము చూచి యెఱుగని స్వదేశమునకు వారు 'తిరిగి' వచ్చిరి. 1983 జూలైలో కొలంబో వీథులు మండిన తరువాత ఈలపు తమిళులు పడవలలో రామేశ్వరము చేరిరి; వారి శిబిరములు మన పొరుగున తమిళనాటి జిల్లాలలో వెలసినవి. ఆ శిబిరములలో పుట్టిన బిడ్డలు పెరిగి పెద్దవారై తామును బిడ్డలను కనిరి. 2024 చివరకు ప్రపంచమున యుద్ధములచేతను హింసచేతను ఇల్లు విడిచినవారు 12 కోట్ల 32 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థిసంస్థ లెక్క. అందు ఇంచుమించు నూటికి నలుబదిమంది పిల్లలు.

ఇంత దూరము ఏల త్రిప్పితివని మీరు అడుగవచ్చును. నేటాలునందలి పదమూడేండ్ల బిడ్డకొఱకు కోపించిన జాతి, రేణిగుంట జంక్షనులోని పదమూడేండ్ల బిడ్డను చూచి ఏమి చేయుచున్నది? ఈ ప్రశ్న అడుగుటకే ఇంతదూరము వచ్చితిని.

మహాశయులారా! మన ప్రాంతము సామాన్యమైనది కాదు. తిరుపతి దేశమునందలి మూలమూలలనుండి రైళ్లు వచ్చు క్షేత్రము. ఇంట దెబ్బలు తిన్న బాలుడు, పరీక్ష తప్పి ముఖము చూపలేని బాలుడు, తండ్రి త్రాగుడునకు జడిసిన బాలిక, జనసమ్మర్దమున తల్లి కొంగు జారవిడిచిన పసివాడు, వీరెల్లరును చేరు చోటు ఇది. దేవుడున్నచోట అన్నముండునని ఎవరో వారికి చెప్పియుందురు. ఆ మాట అబద్ధమును కాదు. 1985 ఏప్రిలులో తిరుమలపై నిత్యాన్నదానము ఆరంభమైనది. నేడది తరిగొండ వెంగమాంబ పేరిటి ప్రసాదభవనమున జరుగుచున్నది. ఆ తల్లి వాయల్పాటి దాపున గల తరిగొండ గ్రామముది. బాల్యముననే వితంతువై, ఊరివారి నిందలు భరింపలేక, ఇల్లు విడిచి కొండ చేరిన స్త్రీ ఆమె. ఇల్లులేని ఆమెకు కొండపై చోటు దొరకినది గనుకనే తెలుగునకు ఒక కవయిత్రి దక్కినది, యాత్రికునకు అన్నము పెట్టు చేయి దక్కినది. ఇల్లు విడిచినవారిని అనుమానముతో చూచు అలవాటు మనకు కలిగినపుడెల్ల ఈ సంగతి తలచుకొనదగును.

అయినను అన్నము పెట్టుట వేఱు, కాపాడుట వేఱు. ఈ భేదము నాకు ఆలస్యముగా తెలిసినది. కొన్ని యేండ్లక్రిందట ఒక తెల్లవాఱుజామున రేణిగుంటలో రైలుకై వేచియుంటిని. పదియేండ్ల బాలుడొకడు బల్లక్రింద పండుకొని యుండెను. లేచి నావంక చూచెను. నాలుగిడ్డెనలు కొనియిచ్చితిని. ఊరేదని అడిగితిని, వాడు చెప్పిన మాట తెలుగు కాదు, తమిళము కాదు, కన్నడమును కాదు. రైలు వచ్చినది. నేనెక్కితిని. కిటికీనుండి చూడగా నడివయస్సు మనుష్యుడొకడు వాని ప్రక్క కూర్చుండి భుజముపై చేయి వేయుచుండెను. ఆ మనుష్యుడు తండ్రియో, దయాళువో, పిల్లల నమ్ముకొనువాడో నేనెఱుగను. ఎఱుగుటకు నాకు పది నిమిషములును ఒక టెలిఫోనును చాలియుండును. పుణ్యము చేసితినని తలంచుచు ఆ దినమంతయు సంతోషముగా నుంటిని. ఆ సంతోషమును తలంచుకొన్నపుడు నేటికిని నాకు సిగ్గు కలుగును.

అప్పుడు నేనేమి చేయవలసియుండెనో చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. 2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని ప్రతివాడును బాలుడే. ఇల్లు లేనివాడు, బ్రతుకుతెరువు కానరానివాడు, బిచ్చమెత్తుచున్నవాడు, వీథిలో నివసించువాడు సంరక్షణ కావలసిన బాలుడని చట్టమే పేర్కొన్నది. అట్టి బిడ్డను చూచినవారు 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. స్టేషనులోనైనచో రైల్వే రక్షకభటులకు చెప్పవచ్చును. ప్రయాణకాలము మినహాయించి ఇరువదినాలుగు గంటలలో బిడ్డను బాలల సంక్షేమసమితి యెదుట నిలుపవలెను. ఆ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారిలో ఒక్కరైనను స్త్రీ యుండితీరవలెను. ఆ బిడ్డ నేరస్థుడు కాడు. వానిని లాకప్పులో నుంచరాదు. వానిచేత బిచ్చమెత్తించువానికి అయిదేండ్ల వఱకు చెఱయు, లక్షరూపాయల జుల్మానాయు కలవు.

చట్టమింత చక్కగా నుండగా బిడ్డ ఇంకను బల్లక్రిందనే యేల యున్నాడు? చట్టమునకు కన్నులు లేవు. చూచుట మన పని. పిలువక వచ్చు అధికారి యెచ్చటను లేడు. మనము రూపాయి బిళ్ల వేసి తొలగిపోవుదుము. ఆ బిళ్ల ఎవరి జేబున చేరునో విచారింపము. తీర్థక్షేత్రమున వేసిన ప్రతి బిళ్లయు పుణ్యమే యగునని నమ్మరాదు. బిచ్చపు బేరము సాగినంతకాలము మఱియొక బిడ్డను తెచ్చి ఆ మెట్లపై కూర్చుండబెట్టుట లాభదాయకమై యుండును.

కొందఱు మిత్రులు నాతో, "మన పేదలకే దిక్కులేదు, పరదేశపు పేదలకు మనమేమి చేయగలము? ఆశ్రయమిచ్చినకొలది ఇంకను వత్తురు" అందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయను. మన తంబళ్లపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి వానలు తప్పినపుడెల్ల కుటుంబములు బెంగుళూరు కట్టడపుపనులకు పోవుచున్నవి. కడప, చిత్తూరు ప్రాంతముల స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు పోయి, పిల్లలను అవ్వతాతలయొద్ద విడుచుచున్నారు. మన పేదలకు మనము చేయవలసినది మిక్కుటముగా నున్నమాట నిజము. కాని బెంగుళూరువారు మన కుప్పపు బిడ్డను చూచి ఇదే మాట యన్నచో మనమేమందుము? మన బిడ్డకు అక్కడ దొరకవలెనని మనము కోరునది, ఒడిస్సానుండియో బీహారునుండియో వచ్చి మన యిటుకబట్టీలలో, శ్రీసిటీ దాపుల కట్టడములలో కూలిచేయువారి బిడ్డకు ఇక్కడ దొరకవలెను. ఇది దయాధర్మము కాదు, ఇచ్చిపుచ్చుకొను న్యాయము. ఇక ఆశ్రయమిచ్చినచో ఇంకను వత్తురను మాట. ఆశ్రయము రుచికై ఎవరును ఇల్లు విడువరు. వానయు, అప్పును, దెబ్బయు, తుపాకియు వారిని తఱుమును.

2020 మార్చి 25న దేశమంతట గృహనిర్బంధము విధింపబడినపుడు ఈ సంగతి కన్నులారా చూచితిమి. చెన్నపట్టణము విడిచిన కూలీలు తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా పెద్దరహదారివెంబడి ఉత్తరమునకు నడచిరి. మే నెల 1వ తేదీన గాని వారికొఱకు ప్రత్యేకపు రైళ్లు కదలలేదు. ఆ యెండలో త్రోవప్రక్క పల్లెలవారు కుండలతో నీరు, పొట్లములతో అన్నము పెట్టిరి. ఎవరు ఏ రాష్ట్రమువారని ఎవ్వరును అడుగలేదు. మనకు హృదయము లేదని నేనననని దానివలన గ్రహింపుడు. ఆపదవేళ మేల్కొను హృదయము మామూలు దినములలో నిద్రించుచున్నదనియే నా వాదము.

కుటుంబముల విషయము వేఱుగా చెప్పవలసియున్నది. ఇల్లులేని తల్లి వద్దనుండి బిడ్డను లాగుకొని అనాథాశ్రమమున వేయుట కాపాడుట కాదు. తిరుపతిలో 1943లోనే దేవస్థానమువారు అనాథలకై బాలమందిరమును నెలకొల్పిరి. తల్లిదండ్రులు నిజముగా లేని బిడ్డలకు అట్టి సంస్థలు అవసరము. కాని పేదరికమొక్కటే కారణముగా బిడ్డను తల్లినుండి వేఱుచేయగూడదు. సంస్థయందుంచుట చిట్టచివరి యుపాయముగా నుండవలెనని చట్టమే చెప్పుచున్నది. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య పథకమునందు, బిడ్డ తన కుటుంబముతోనే యుండి చదువుకొనుటకు నెలకు 4,000 రూపాయల సాయము ఏర్పాటు చేయబడినది. ఆ సంగతి తెలియక ఎందఱు తల్లులు బిడ్డలను ఎడబాసికొనుచున్నారో! రేషను కార్డు ఏ రాష్ట్రముదైనను ఏ రాష్ట్రమునందైనను బియ్యము తీసికొనవచ్చునను ఏర్పాటు 2019లో మన రాష్ట్రమును తెలంగాణమును కలిపి మొదలై, 2022 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇటుకబట్టీలోని కూలివానికి ఆ మాట ఎవరు చెప్పవలెను?

ఇక రాత్రి పండుకొనుటకు చోటు. నగరములలో లక్షమంది జనాభాకు ఒకటి చొప్పున రేయింబవళ్లు తెరచియుండు ఆశ్రయశాల యుండవలెనని సుప్రీముకోర్టు 2010లో ఆదేశించినది. 2011 లెక్కలలో తిరుపతి నగర జనాభా 2,87,000 పైచిలుకు. నిత్యము వచ్చిపోవు యాత్రికులు అందు చేరలేదు. శాల యెచ్చటనున్నది, దానిలో స్త్రీలకును పిల్లలకును వేఱుగా గది కలదా, దీపము, నీరు, తలుపునకు గడియ కలవా యని విచారించుట ప్రతి పౌరుని హక్కు. తలుపునకు గడియలేని ఆశ్రయశాల ఆడుబిడ్డకు ఆశ్రయము కాదు.

చదువు మాట చెప్పి ముగించెదను. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱుమొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును ఉచితవిద్య నిచ్చుచున్నది. బదిలీపత్రము లేదను కారణముచేత ఏ ప్రభుత్వపు బడియు బిడ్డను త్రిప్పిపంపరాదు. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. వెనుకబడినచో ప్రత్యేకముగా చెప్పవలెను. భాష తెలియదందురు. మన జిల్లావారు ఈ మాట అనుటకు తగరు. తెలుగు, తమిళము, కన్నడము మూడును సంతలో మాటలాడుకొను నేల యిది. మూడు భాషలు వినుచు పెరిగిన మన బిడ్డలు నాలుగవదానిని వినుటకు జంకరు. క్రొత్త బిడ్డకు భాష నేర్పువాడు మొదట ఉపాధ్యాయుడు కాడు, బంతి యందించిన తోటి బాలుడు.

ఈ పఠనమందిరమువారు ఏమి చేయగలరందురా? గొప్ప నిధులు సేకరింపనక్కఱలేదు. ఈ గోడపై, దేశనాయకుల పటములక్రింద, 1098 అను సంఖ్యను పెద్దయక్షరములతో వ్రాయింపుడు. జిల్లాయందలి బాలల సంక్షేమసమితి చిరునామాను దానిప్రక్క నుంచుడు. మీలో అయిదుగురు వంతులవారీగా నెలకొకసారి స్టేషనును, బస్సునిలయమును, ఆశ్రయశాలను చూచి, చూచినది ఈ పుస్తకములో వ్రాయుడు. వ్రాసినది పురపాలక సభ్యునకు చూపుడు. సాయంకాలము ఒక గంట ఈ గదిలో కూలీల బిడ్డలకు చదువు చెప్పుడు. వారు పుస్తకములను మాపుదురని భయపడకుడు. చదువబడి మాసిన పుస్తకమే పఠనమందిరమునకు అలంకారము. మఱియొక మాట. బిడ్డ ఫొటో తీసి పత్రికలకు పంపకుడు. ఆ బిడ్డకు మన కీర్తితో పనిలేదు; వాని పేరును ముఖమును బయలుపఱచుట చట్టమునకును విరుద్ధము.

బర్మాత్రోవలో ఎవరో చేయి పట్టుకొన్న బిడ్డ బ్రదికెనని చెప్పితిని. ఆ చేతికి పేరు లేదు, దానిపై శిలాశాసనము లేదు. అది తెలుగువానిదో, అఱవవానిదో, బంగాళీదో ఆ బిడ్డయే యెఱుగదు. రేపు మీరు రేణిగుంటలోనో చిత్తూరు బస్సునిలయములోనో ఒంటరిగా నిలిచిన బిడ్డను చూచినపుడు బిళ్లకై జేబు తడుముకొనకుడు. ప్రక్కన కూర్చుండి పేరడుగుడు. రక్షకులు వచ్చునంతవఱకు లేవకుడు. మీ రైలు తప్పిపోవచ్చును. నేను నా రైలును అందుకొంటిని. అందుచేతనే ఈ మాట మీకు చెప్పవలసివచ్చినది.

వందేమాతరమ్.